అందని కొక్కెం

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవిస్తూ రాస్తున్నది. నోటితో దీవించే యోగం ప్రస్తుతానికి లేదు. గొంతులో కంతి తీసేసిన డాక్టరు నెల రోజులు పెదవి విప్పొద్దన్నాడు. గుసగుసలు కూడా కూడవట. ఫోను చేతిలో ఉంటే నేను ఊరుకోనని మీ బావ అదీ లాక్కున్నాడు. మేడ మీద గదిలో పలకా బలపంతో కాపురం చేస్తున్నాను.

ఇంక అసలు సంగతి. ఒకటో తారీకు నుంచి మార్కెట్టు చెత్త, ఆసుపత్రి సందుల చెత్త మనమే ఎత్తాలి. మొదటి రోజు బిన్నులు కదలకపోతే కాంట్రాక్టు రద్దని కాగితంలోనే రాసుంది. బిన్నుల్ని ఎత్తుకెళ్లే మన పాత హుక్ లోడర్లు రెండూ దగ్గుతూ మూలుగుతూ ఉన్నాయి. కొత్తవి మూడు కొనాలి. నేను ఆలోచించేశాను: పది చక్రాల పెద్దవే. రెండు ట్రిప్పుల బరువు ఒక్క ట్రిప్పులో లాగేస్తాయి. నువ్వు వెళ్లి, మన బిన్ను ఒకటి ఎత్తించి చూసి, సంతకం పెట్టి రా. అంతే. నువ్వు మాత్రం ఆలోచించకు. నువ్వు ఆలోచించడం మొదలుపెడితే ఏ చొక్కా తొడుక్కోవాలో తేలేసరికి మధ్యాహ్నమవుతుంది.

ఉత్తరాలు మన డ్రైవరు గుండు తెస్తాడు, తీసుకెళతాడు.

నోరు కట్టేసిన నీ అక్క

తా.క.: బళ్ల ఏజెంటు ముందు తల ఊపకు. నువ్వు మర్యాదకి ఊపుతావు, అవతలివాడు బేరం కుదిరిందనుకుంటాడు. మన షెడ్డులో కుళ్లుతున్న టార్పాలిన్లన్నీ అలా వచ్చినవే.

*

అక్కకి నమస్కారాలు.

నీకు కోపం తెప్పించే మాట ఒక్కటి కూడా రాయొద్దని బావ నా దగ్గర మాట తీసుకున్నాడు. కోపమొస్తే నువ్వు అరుస్తావట, అరిస్తే కుట్లు తెగుతాయట. అందుకని మెల్లగా రాస్తున్నాను. నువ్వూ మెల్లగా చదువు.

పది చక్రాల బండి చూశాను. బ్రహ్మాండంగా ఉంది. సీటు మన ఆఫీసు కుర్చీ కంటే మెత్తన. మన బిన్ను కూడా తీసుకెళ్లి దాని వెనక పెట్టించాను. ఒక్కటే చిన్న విషయం. అది మనకి అందేలా లేదక్కా. పెద్ద తేడా కూడా కాదు, కొద్దిలో అందడం లేదు. 'కాస్త వంగితే సరిపోతుంది సార్' అంటున్నాడు ఏజెంటు. నాకు నమ్మకం కుదరడం లేదు.

ఆరు చక్రాల చిన్నది కూడా ఉంది. అదైతే అందుతుంది. సందుల్లో తిరుగుతుంది కూడా. ఏమంటావు?

నీ మాట కోసం చూస్తూ, తమ్ముడు

తా.క.: తల ఊపలేదు. మెడ పట్టేసిందని చెప్పాను. పాపం, ఏజెంటు పరిగెత్తుకెళ్లి నొప్పిమందు తెచ్చిచ్చాడు. అక్కడున్నంతసేపూ రాసుకుంటూనే ఉండాల్సొచ్చింది.

*

తమ్ముడికి,

ఈసారి దీవెనలు సగమే.

అందకపోవడమేమిట్రా? ధర వినగానే కాళ్లు చల్లబడటం నీకు మొదట్నుంచీ ఉన్న జబ్బే. అందేలా చెయ్యడం నా పని. మూడు కాదు, ఐదు తీసుకుంటామని చెప్పు. ఐదనేసరికి వాడే కిందికి దిగొస్తాడు. ఇంకో మాట. వంగమన్నాడా మనల్ని? వంగి కొనుక్కునే ఖర్మ మనకేం పట్టలేదు. వాణ్ణే వంగమను!

ఆ చిన్నదాని ఊసు ఇంక ఎత్తకు. చవగ్గా అందుతుందని బొమ్మబండి కొంటామా? ఒకటో తారీకు నెత్తి మీద కూర్చునుంది.

అక్క

తా.క.: ఇది రాసేముందు పక్కనున్న బలపాన్ని మూడు ముక్కలు చేశాను. చప్పుడు లేకుండా కోప్పడటం నేర్చుకున్నానని మీ బావ మురిసిపోతున్నాడు.

*

అక్కకి నమస్కారాలు. ఒంట్లో ఎలా ఉంది? కోపం తగ్గుముఖం పట్టిందా?

ఐదు కొన్నా అందదక్కా. యాభై కొన్నా అందదు. నువ్వు చెప్పావు కదా అని వాణ్ణే వంచమన్నాను. నిన్న సాయంత్రం యార్డుకే వచ్చి వంచి చూపించాడు. దొరికినట్టే దొరికి మధ్యలో జారిపోయింది. రేపు పొద్దున మళ్లీ వస్తానన్నాడు. అప్పట్నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఇంతకంటే వివరంగా రాయలేను, బావకి మాటిచ్చాను. కొన్నాళ్లు ఆగుదామా?

తమ్ముడు

తా.క.: గుండుకి కాస్త సెలవివ్వనా? ఊరికే అడుగుతున్నాను.

*

తమ్ముడికి,

దీవెనలు లేవు.

జారిపోయిందా! చేతిదాకా వచ్చిన బేరాన్ని జారవిడిచి, ఆగుదామా అని అడుగుతావా? ఒకటో తారీకు ఆగుతుందా మన కోసం? మన డ్రైవర్లందరి ఇళ్లల్లో పొయ్యి వెలగాల్సింది ఈ కాంట్రాక్టు మీద. నీ వల్ల కాదని తేలిపోయింది. పది చక్రాల బళ్లు ఐదింటికి ఆర్డరు నేనే రాసి, సంతకం పెట్టి ఈ కవరులోనే ఉంచాను. పొద్దున ఏజెంటు యార్డుకి వస్తాడుగా, వాడి చేతిలో పెట్టు. నువ్వు నోరు మెదపకు. కాగితమే మాట్లాడుతుంది.

అక్క

తా.క.: గుండు కుంటుతూ మెట్లెక్కాడు. ఏమైందని పలక మీద అడిగితే, చెప్పు కరిచిందన్నాడు. పనిలోకి కొత్తచెప్పులేసుకొచ్చే షోకేమిటో కనుక్కో.

*

అక్కా,

నమస్కారాలు తర్వాత. నీ ఆర్డరు కాగితం చింపేశాను. ఏజెంటు కళ్ల ముందే చింపాను.

బావకిచ్చిన మాట కూడా ఇవాళ్టితో చెల్లు. కుట్లు తెగితే మళ్లీ వేయిద్దాం. గుండుని కరిచింది చెప్పు కాదు, బిన్ను.

నాకు అందనిది ధర కాదక్కా, కొక్కెం! బిన్నుని బండి మీదికి లాగే ఆ కొక్కెం తగులుకోవడానికి మన బిన్నుల ముందు కడ్డీ ఉంటుంది కదా, అది మన పాత బళ్ల కొలతకి చేయించింది. పెద్దబండి కొక్కెం దానికి జానెడు పైనే ఆగిపోతోంది. ఏజెంటు దాన్ని బలవంతంగా కిందికి వంచి, కడ్డీని కొనతో పట్టించాడు. బిన్ను సగం లేచింది. గుండు పక్కనే నిలబడి చూస్తున్నాడు. కడ్డీ జారింది. చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను కాబట్టి మడమ మీద తోలు మాత్రం లేచింది. చొక్కా చిరిగి చేతిలోకి వచ్చుంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోలేకపోతున్నాను. నీకు చెప్పొద్దని గుండే బతిమాలాడు. నువ్వు అరుస్తావని వాడికీ భయమే.

ఇవాళ ఏజెంటొచ్చి, 'ఈసారి పడదు సార్, మళ్లీ ఎత్తి చూపిస్తా' అంటూ లీవరు మీద చెయ్యేశాడు. మనవాళ్లంతా చుట్టూ ఉన్నారు. నాకేం పూనిందో తెలీదు. 'తియ్యి చెయ్యి! దిగు కిందికి! నీ ప్రయోగాలకి నా మనుషులే దొరికారా?' అని అరిచాను. యార్డు మొత్తం అదిరేలా అరిచాను.

తర్వాత వాడి దగ్గర సిద్ధంగా ఉన్న ఆరు చక్రాలవి మూడు తీసుకున్నాను. ఆ కొక్కెం మన కడ్డీకి కొలిచి చేసినట్టు కూర్చుంది. నిండు బిన్నుని మళ్లీ మళ్లీ ఎత్తించి దింపించాను. ఆసుపత్రి సందు మలుపులో నేనే నడిపి చూశాను. పెద్దదైతే అక్కడ ముక్కు కూడా దూర్చలేదు. ట్రిప్పులు ఎక్కువవుతాయి, నిజమే. పెందరాళే బయల్దేరదాం. సంతకం నాదే. తిట్టాలనుంటే గొంతొచ్చాక తిట్టు.

తమ్ముడు

తా.క.: ఇవాళ్టి అరుపుకి నా గొంతు కూడా బొంగురుపోయింది. మీ డాక్టరు ఎన్నింటికి ఉంటాడు?

*

చిరంజీవి తమ్ముడికి,

అక్క కడుపునిండా దీవించి రాస్తున్నది.

ఒకటో తారీకు దాటాకే రాద్దామని ఆగాను. మార్కెట్టు బిన్ను లేచింది, ఆసుపత్రి సందు ఖాళీ అయింది, కాంట్రాక్టిచ్చినవాళ్లు మారుమాట లేకుండా వెళ్లారని గుండు ఇప్పుడే చెప్పాడు. ఈ ఉత్తరం నీకిచ్చాక వాడికి సెలవు. మానేదాకా రావద్దన్నాను.

అవును, అన్నాను. పలక మీద కాదు, నోటితోనే.

ఐదుబళ్ల కాగితం రాసిన రోజుకే డాక్టరు కుట్లు చూసి, తొందరగా మానింది, ఇంక మాట్లాడమన్నాడు. మీ బావకి కూడా చెప్పలేదు. దాచుకున్న ఆ మొదటి మాట నీ మీద వాడదామనుకున్నాను. కవరు పంపాక కూడా మనసు నిలవక, పొద్దున్నే యార్డుకి వచ్చాను. టైర్ల గుట్ట వెనక నిలబడి, నిన్ను నలుగురిలో కడిగెయ్యడానికి గట్టిగా ఊపిరి కూడా పీల్చాను. సరిగ్గా అప్పుడే నువ్వు అరిచావు.

పీల్చిన ఊపిరి అలాగే వదిలేశాను. చిరిగిన కాగితం ముక్కలు, గుండు మడమకి కట్టు, సగం ఎత్తులో ఆ కొక్కెం, అన్నీ కనబడ్డాయి. నువ్వు నా మాట విని ఉంటే ఏమయ్యేదో అప్పుడు తెలిసింది. ఇన్నేళ్లూ నీకు గొంతు లేదనుకున్నాన్రా. సందివ్వనిది నేనే.

అందుకని ఒక నిర్ణయానికొచ్చాను. యార్డులో నాకింకో నెల గొంతు రాదు. అడిగినవాళ్లకి డాక్టరు పొడిగించాడని చెప్పు. గుండు నోరు నేను నొక్కాను. ఏ బండి ఎటు వెళ్లాలో నువ్వే చూసుకో.

నీ అక్క

తా.క.: ఆ రోజు ఏజెంటు మొహం తుడుచుకుంటూ టైర్ల గుట్ట దగ్గరికే వచ్చాడు. నేనెవరో వాడికి తెలియదు. 'ఎవరమ్మా ఆ అరిచేది? అంత గొంతేమిటి?' అన్నాడు. నీ కోసం దాచుకున్న మొదటి మాట కాస్తా వాడి మీద ఖర్చయిపోయింది. 'మా తమ్ముడు' అన్నాను.