ముల్లు ఏడు దగ్గరే

3 నవంబర్ 2025, సోమవారం

కొత్త పని ఇచ్చారు. రెండు దేశాల ఫ్యాక్టరీల్లో బొగ్గు, కట్టెలు, గ్యాస్ కాల్చినప్పుడు ఎంత మీథేన్ గాల్లోకి పోతుందో పక్కపక్కన పెట్టి వెబ్‌పేజీ రాయాలి. దేశాల పేర్లు బయట ఎక్కడా రాయకూడదు, క్లయింట్‌తో గోప్యత ఒప్పందం ఉంది. సరే, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్దదాని గ్రాఫ్ ఎగుడుదిగుడు. చిన్నదాని గ్రాఫ్ ఎంత ముద్దుగా ఉందో, ఐదేళ్లు ఒకటే గీత. చిన్న దేశం బాగా కంట్రోల్ చేస్తోందని రాసేశాను.

4 నవంబర్

మా టీమ్ లీడ్ నరేష్‌కుమార్ సార్ నా పేజీ చదివి నవ్వాడు. అది కంట్రోల్ చేస్తలేదమ్మా, కొలుస్తలేదు అన్నాడు. ఎంత ఇంధనం వాడారో చూసి, దాన్ని ఒక అంకెతో గుణించి పంపిస్తారట. అదీ పంపకపోతే పాత అంకెనే మళ్లీ పెడతారట. నిజంగ కొలిస్తే ఏ అంకె కుదురుగ ఉండదు, గీత గింత సాఫ్‌గ ఉన్నదంటే ఆడ ఎవరూ చూస్తలేరనుకో అన్నాడు.

లంచ్‌లో డబ్బా తెరిచాక అన్న గుర్తొచ్చాడు. అన్నం సయించలేదు.

5 నవంబర్

ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ రాస్తాను. శాంసన్ అన్న అబ్దుల్లాపూర్‌మెట్ అవతల, నూలుకు రంగులేసే యూనిట్‌లో బాయిలర్ నడుపుతాడు. గంటగంటకీ ఆవిరి ప్రెషర్ చూసి రిజిస్టర్‌లో ఎక్కించాలి. అన్నకు రాతపని అంటే చిరాకు. అందుకే శనివారం రిజిస్టర్ ఇంటికి తెస్తాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక వచ్చే వారానికి మొత్తం నేనే నింపుతాను. 7.0, 7.1, 6.9. అనుమానం రాకుండా రోజుకో పెన్ను మారుస్తాను. ఏడాదిగా ఇదే పని. రాత ముత్యాల్లా ఉందని వాళ్ల ఇన్‌చార్జ్ మెచ్చుకున్నాడంటే మురిసిపోయాను కూడా. సిగ్గు లేదు నాకు.

7 నవంబర్, సాయంత్రం 7.30

అసలు ప్రెషర్ ఎంత ఉంటుందని అన్నను అడిగాను. ఏడు అన్నాడు. ఎప్పుడూనా అన్నాను. ఎప్పుడూ ఏడే, ఆదివారం మంట ఆర్పినా ముల్లు ఏడు కాడనే ఉంటది అని నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది. అంటే ఆ ప్రెషర్ గేజ్ ఎప్పుడో చెడిపోయింది.

సేఫ్టీ వాల్వ్ ఉంటుంది కదా అన్నాను. అది మాటిమాటికి ఆవిరి ఇడుస్తుంటే ఇన్‌చార్జ్ తీగతో కట్టేయమన్నాడట. మంట చూస్తె నాకు ఎరికైతది, నువ్వు పరేషాన్ కాకు అని అన్నం కలుపుకున్నాడు.

9 నవంబర్, ఆదివారం

నింపనన్నాను. అన్న అరిచాడు. ఉన్నది ఉన్నట్టు రాస్తే బాయిలర్ బంద్ పెడ్తరు, నలభై మంది ఇంట్ల కూసుంటరు, నువ్వొచ్చి చెప్తవా ఆళ్లకు అన్నాడు. క్రిస్మస్ ముంగట ఇంట్ల లొల్లెందుకు బిడ్డా, రాసియ్యి అంది అమ్మ.

రాసిచ్చాను.

12 నవంబర్

పేజీ లైవ్ అయింది. చిన్న దేశం దగ్గర ‘కొలిచిన ఆధారం లేదు’ అని మార్చాను. క్లయింట్‌కు నచ్చలేదట, ‘స్థిరంగా ఉంది’ అని పెట్టేశారు. ఎల్‌బీ నగర్ దాకా మెట్రోలో నిలబడి ఆ రెండు మాటలే చూస్తూ వచ్చాను.

16 నవంబర్, ఆదివారం

మళ్లీ నింపాను, సోమవారం నుంచి శనివారం దాకా. ప్రతి పేజీ కింద సాయంత్రం ఆరింటికి షిఫ్ట్ దిగినట్టు అన్న సంతకాలు కూడా పెట్టేశాడు. కొత్త గేజ్ క్రిస్మస్ దాటినంక వస్తుందట. అంటే ఇంకా ఐదు ఆదివారాలు.

18 నవంబర్

బాయిలర్ నిన్నటి నుంచి సన్నగా కూత పెడుతోందట.

19 నవంబర్, సాయంత్రం

బాయిలర్లు తనిఖీ చేసే ప్రభుత్వ ఆఫీసుకు కంప్లైంట్ చేయడానికి నంబర్ దొరికింది. రేపు ఆఫీసు నుంచి చేస్తాను. తెలిస్తే అన్న జన్మలో నాతో మాట్లాడడు. మాట్లాడకపోతే పోనీ, ఉంటాడు కదా.

నాకు చాలా భయంగా ఉంది. ఎదురుగా కూర్చుని అన్న పల్లీలు తింటున్నాడు.

20 నవంబర్, గురువారం, మధ్యాహ్నం 1.10

నంబర్ నొక్కాను. రింగ్ అవ్వగానే కట్ చేశాను. ఆఫీసు మెట్ల మీద పై అంతస్తు కోచింగ్ సెంటర్ పిల్లలున్నారు, ఎవరైనా వింటారేమోనని. మూడింటికి టీ బ్రేక్‌లో చేస్తాను. ఒట్టు.

23 నవంబర్, ఆదివారం

గురువారం 2.40కి బాయిలర్ పేలింది. నిన్న అన్నను సమాధి చేశాం.

పోలీసులు రిజిస్టర్ తెచ్చి ఈ రాత ఎవరిదని అడిగారు. గురువారం పేజీ తెరిచి ఉంది. మూడు గంటలకు 7.0. నాలుగుకు 7.1. ఐదుకు 6.9.

ఆరింటికి అన్న షిఫ్ట్ దిగి సంతకం పెట్టాడు.