కుళాయి కట్టింది ఆర్విల్ కాదు

తాతయ్యా,

ఎడారిలో ఎంత తిరిగినా చీకటి పడేలోగా వచ్చెయ్యి. వచ్చాక లోపలే ఉండు. పక్క ఇంటిబండిలో ఉండే ఆర్విల్‌ను ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. నీ రెంచీ దెబ్బకు అతని చెవి పైన చీలింది, ముందు పళ్ళు రాలాయి. అతని బండి మెట్ల మీది నెత్తురు కడగకు. పోలీసులు అడిగితే చూసింది చూసినట్టే చెబుతాను. తుపాకీ వెతకకు, కారులో పెట్టుకున్నాను.

నీళ్ళు గడ్డకట్టకుండా రాత్రి సన్నగా వదిలిన మన కుళాయిని అతను కట్టలేదు. స్నానాల గదుల దగ్గర పైపు పగిలితే మేనేజరు డెల్మా ఈ ఇంటిబండ్ల పార్కు మొత్తానికీ నీళ్ళు ఆపేసింది. కదలని నీళ్ళు గడ్డకట్టి గొట్టాలు అందరివీ పగిలాయి. చుక్కల చప్పుడుకు నిద్ర పట్టడం లేదని అతను నిన్న అన్నాడు, అంతే. "బయటికి రారా దొంగా!" అని నువ్వు అరిస్తే, కాఫీ ఇద్దామనుకుని కప్పుతోనే వచ్చాడు. ఆపబోతే నన్నూ తోసేశావు. మోచెయ్యి వాచింది. నీకది కనబడనే లేదు.

సూపు పొయ్యి మీద ఉంది.

మార్లా

కారెక్కిస్తుంటే ఆర్విల్ నెత్తురు ఉమ్మి, "ముసలాడి చెయ్యి బాగానే ఉందా? శనివారం పేక పంచేది వాడే కదే పిల్లా" అన్నాడు. జవాబు నువ్వే చెప్పుకో.