రెండు గేట్ల మధ్య ఆగిన నిఖా

జమ్మలమడుగు,
శనివారం.

శాంతి కమిటీ ప్రత్యేకాధికారి గారి సముఖమునకు, బురుజు వీధిలో గల్ఫ్ ట్రావెల్స్ దుకాణం నడుపుకొను నూర్ అహ్మద్ వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నా కుమార్తె సాజిదా నిఖా మూడింట రెండు వంతులు జరిగి నిలిచిపోయినందున, మిగిలిన వంతు కొరకు వీధి కెమెరాలను పది నిమిషాలు ఆపించుట గురించి.

1. నా దుకాణమందు వైర్‌లెస్ నెట్‌వర్కు కలదు. కువైట్‌లో ఉన్నవారితో ఇక్కడివారు టీవీలో ముఖాలు చూసుకుంటూ మాట్లాడుకొనుటయే నా వ్యాపారం. ఇరుపక్కల దుకాణాల బిల్లులు కూడా దానిమీదనే పోవును. దానిని అమర్చిన నా మేనల్లుడు జియావుల్లా ఒక వరుస పెట్టినాడు. “ముందు మాటకు దారియ్యాల మామూ. బొమ్మ రవ్వంతసేపు ఆగినా కండ్లు సర్దుకుంటాయి. మాట తెగితే ఏం అర్థమయితాది? బిల్లులంటావా, నిదానంగా పోనీ” అన్నాడు. ఆ వరుసలో ఏ తగాదా లేకుండా జరుగుచుండెను.

2. అంతలో ఎన్నికలు వచ్చినవి. మా వీధికి తూర్పు కొసన ఆదెన్న గారి పార్టీ ఆఫీసు, పడమటి కొసన సంజీవయ్య గారి పార్టీ ఆఫీసు, నడుమ నా దుకాణం. ఒకరు గేటు దాటితే రెండోవారు కొడవళ్లు తీయు పరిస్థితి ఉన్నందున, తమరు రెండు గేట్లకూ కెమెరాలు పెట్టించి, వారి గేటు వీరికి, వీరి గేటు వారికి రాత్రింబవళ్లు టీవీలో కనబడు ఏర్పాటు చేసితిరి. మంచిదే. ఆనాటి నుంచి ఒక్క రాయి పడలేదు. కాని ఆ కెమెరాలను నా నెట్‌వర్కుకే తగిలించిరి. తగిలించిన మనిషి జియావుల్లా వరుసను తలకిందులు చేసి, కెమెరాల బొమ్మకు మొదటి దారి, మాటకు ఆఖరి దారి ఇచ్చి, నెట్‌వర్కు పెట్టెకు సీలు వేసి, “ఇది ఆగిందంటే మొదటి ముద్దాయివి నువ్వే” అని చెప్పి పోయినాడు.

3. నిన్న శుక్రవారం నిఖా. వరుడు అలీ అహ్మద్ కువైట్‌లో ఉన్నాడు. ఊర్లో సెల్‌ఫోన్లకు నెట్ ఆపించినారు గనుక నా దుకాణమే గతి. వరుని తల్లి రహమత్‌బీ తుంటి విరిగి ఉన్నందున ఆమెను మంచంతో సహా మోసుకొచ్చినాము. ఖాజీ గారు వరుని ముఖం చూస్తూ, అతని నోట “ఖుబూల్ హై”, అనగా ఒప్పుకొంటినని, మూడుసార్లు వినవలెనన్నారు. రెండు వినబడినవి. మూడోసారి పెదవులు కదిలినవి, మాట రాలేదు. అరిచినాడు. రాలేదు. డ్యూటీ బస్సు వచ్చి హారన్ కొట్టేదాకా చేతులు ఊపుతూనే ఉన్నాడు.

“చెప్పినాడు, నా కొడుకు చెప్పినాడు, నేను చూసినా” అని రహమత్‌బీ మంచం మీది నుంచి మొత్తుకున్నది.

“చూసినావు గానీ విన్లేదు కదమ్మా” అని ఖాజీ గారు లేచిపోయినారు.

4. కెమెరాలు పది నిమిషాలు ఆపనిమ్మని ఆదెన్న గారిని వేడుకొంటిని. “ఆపేదానికేం భాయ్, ముందు వాళ్లది ఆపమను. మేం చూడకపోతే వాళ్లు ఊరకుంటారా?” అన్నారు. సంజీవయ్య గారి కాడికి పోయినాను. “నీ బిడ్డ పెండ్లికి అడ్డం పడేటోళ్లమా అప్పా? ముందు ఆ పక్కోళ్లను కండ్లు మూసుకోమను” అన్నారు. ఇద్దరూ ఇంటికి పండ్లు పంపినారు. అయ్యా, పండ్లతో నిఖా కాదు.

5. వచ్చే శుక్రవారం దాటితే అలీ అహ్మద్ ఎడారి లోపలి క్యాంపుకు పోవును. ఏడాది దాకా అక్కడ నెట్ లేదు. ప్రొద్దుటూరు పోయి చేసుకొమ్మని తమ గుమాస్తా గారు సెలవిచ్చినారు. రహమత్‌బీని పక్కింటి నుంచి నా దుకాణంలోకి తెచ్చుటకే ప్రాణాలు పోయినవి. “ఏడాది నేనుంటానా నూర్?” అని అడుగుతాది. ఏం చెప్పమంటారు?

6. ఇది వ్రాయ మొదలుపెట్టగానే సాజిదా వచ్చి, “అబ్బా, ఇందులో నన్ను కుమారి అని రాస్తావా, శ్రీమతి అని రాస్తావా?” అన్నది. నవ్వుతూనే అన్నది. నాకు కలం సాగలేదు. అందుకే పైన కుమార్తె అని మాత్రం వ్రాసి ఊరుకున్నాను.

కావున వచ్చే శుక్రవారం నమాజు తర్వాత రెండు కెమెరాలూ ఒక్కసారే ఆపించి, ఆ పది నిమిషాలూ రెండు గేట్ల వద్ద పోలీసులను నిలబెట్టించి, మాటకు దారి ఇప్పించవలసినదిగా ప్రార్థన. తమరు చిత్తగించవలెను, చిత్తగించి ఊరుకొనక ఆర్డరు కూడా వేయవలెను.

ఇంకా ఓపిక మిగిలియున్న
తమ విధేయుడు,
నూర్ అహ్మద్.

తాజా కలం: అర్జీ మడవబోతుండగా వీధంతా కరెంటు పోయింది. నా ఇన్వర్టరు కూడా కూలబడింది. కెమెరాలు ఆగిపోయాయి. రెండు గేట్ల నుంచి రెండు గుంపులు వీధిలోకి వచ్చాయి. నేను షట్టరు సగం దించి చూస్తున్నాను.

“మేం కనపడతాండామా మీకు?” అని తూర్పు గేటువాడు అడిగాడు.

“యాడ కనపడతారు, టీవీ ఆరిపాయె.”

“మాదీ అంతేలే.”

ఆ తర్వాత ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. నా అరుగు మీదే కూర్చుని ఒకరి బీడీకి ఒకరు నిప్పిచ్చుకున్నారు. పది నిమిషాలకు కరెంటు వచ్చింది. లేచి ఎవరి టీవీ దగ్గరికి వాళ్లు పోయారు.

అయ్యా, నేనడిగే పది నిమిషాలు ఈ వీధిలో ఉన్నాయి, కళ్లారా చూశాను. అవే మళ్లీ ఇప్పించండి. ఈసారి కరెంటు మాత్రం ఉంచండి.