ఆ వేసవికి పెట్టిన పేరు

గీల్,
నవంబరు, ఆదివారం

నా చిట్టితల్లి గోడెలీవ్‌కు అమ్మ ఆశీస్సులు.

మతి చెదిరినవాళ్ళను కాచే డింఫ్నా తల్లి చల్లని చూపు వల్ల ఇక్కడ అందరం బాగున్నాం, మీ నాన్న మోకాళ్ళు తప్ప. అవి బాగుండడం మానేసి చాలాకాలమైంది కాబట్టి లెక్కలోకి రావు. పశువుల మేతకు వేసిన దుంపలు తవ్వడం నిన్నగాక మొన్న పూర్తయింది. ఒళ్ళు హూనమైపోయింది. కూర్చున్నచోటే కునుకు పట్టేస్తోంది.

నువ్వు అడిగినవాటికి జవాబులు. ఊలు కోటు పంపిస్తున్నాను, ఊడిన గుండీ కుట్టాను. పిల్లి ఈనింది. నాండ్ బాబాయ్ నీ కుర్చీలో ఎవర్నీ కూర్చోనివ్వడం లేదు. మొన్న చర్చి ఫాదర్ వచ్చి కూర్చోబోతే, "అది ఖాళీ కాదండీ, మనిషి ఊరెళ్ళింది" అన్నాడు. పాపం, ఆయన నిలబడే కాఫీ తాగి వెళ్ళాడు.

నాండ్ బాబాయ్ జబ్బే నీకూ ఉందా అని అడిగావు. ఆయన జబ్బేమిటో నాకేం తెలుసు? నువ్వు పుట్టకముందే, ఈ ఊళ్ళో ఇంటింటా రోగుల్ని ఉంచినట్టే, ఆసుపత్రివాళ్ళు ఆయన్ని మనింట్లో ఉంచారు. ఈ ఊళ్ళో అలా ఉంచినవాళ్ళ జబ్బు పేరు ఇంటివాళ్ళకు చెప్పరు, మనమూ అడగం. మజ్జిగ జావ ఇష్టం, కుక్కలంటే భయం, ఉరుములొస్తే పక్కన ఎవరైనా ఉండాలి, అంతవరకే చెప్పారు. నర్సు వచ్చి ఎలా ఉన్నాడని అడిగితే బాగానే ఉన్నాడంటాం. వారం రోజులుగా గోడతో పోట్లాడుతున్నా బాగానే ఉన్నాడంటాం. లేకపోతే తీసుకుపోతారు కదా. మనిషిని కడుపులో పెట్టుకోవడమంటే మా అమ్మ నాకు నేర్పింది అదే.

నిన్ను ఆసుపత్రిలో చేర్చిన రోజు డాక్టరమ్మ నన్ను అడిగింది, ఈ దిగులుకు ముందు ఎప్పుడైనా నిద్ర లేకుండా, పట్టలేనంత హుషారుగా ఉండేదా అని. నా నోట్లోంచి "లేదండీ, బాగానే ఉండేది" అని వచ్చేసింది. సగం అలవాటు. సగం నీకిచ్చిన మాట. అంతకుముందు నా చెయ్యి పట్టుకుని అన్నావు కదా, "అమ్మా, వేసవి సంగతి మాత్రం వాళ్ళకు చెప్పకు. నా బతుకులో బాగున్నది అదొక్కటే. దానిక్కూడా జబ్బని పేరు పెట్టేస్తారు" అని. నేను చెప్పలేదు. ఆవిడ నా మాట నమ్మి, ఉత్త దిగులే అనుకుని దానికి మందు మొదలుపెట్టింది.

ఇక నీ కిందటి ఉత్తరం. పిల్ల తేరుకుందని మీ నాన్న మురిసిపోయాడు. నాకు మాత్రం గుండె జారిపోయింది. నిద్ర అక్కర్లేదని రాశావు. సముద్రం ఒడ్డున ఓస్టెండ్‌లో హోటల్ కొంటావట, వార్డులో వాళ్ళందర్నీ అక్కడికి తీసుకెళ్తావట. ఒక మాట పూర్తవకుండానే ఇంకో మాట. వేసవిలోనూ ఇలాగే మొదలైంది తల్లీ. పశువుల కొట్టానికంతా పసుపు రంగు వేశావు. సంతకెళ్ళి, ఇంట్లో అడక్కుండా గుర్రాన్ని కొని తోలుకొచ్చావు. మరో ఊళ్ళో అయితే డాక్టరును పిలిచేవాళ్ళు. మన ఊరు మాత్రం "గోడెలీవ్ భలే హుషారు" అని పక్కకు జరిగి చోటిచ్చింది. ఆ హుషారంతా దిగులుగా మారి, చివరికి సెప్టెంబరులో మీ నాన్న నిన్ను కాలువలోంచి పైకి లాగాల్సి వచ్చింది.

అందుకని చెప్పేశాను. నిన్న బస్సెక్కి వచ్చాను. మొహం చెల్లక నీ గదికి రాలేదు. డాక్టరమ్మ దగ్గర కూర్చుని వేసవి సంగతంతా చెప్పాను. ఆవిడ తిట్టలేదు. దిగులు మాత్రమే ఉండే జబ్బు ఒకటి, దిగులూ హుషారూ వంతులవారీగా వచ్చే జబ్బు ఇంకొకటి, దిగులులో ఉన్నప్పుడు చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయట. హుషారును చూసినవాళ్ళు చెబితేనే తేడా తెలుస్తుందట. మొదటిదానికిచ్చే మందు రెండోదాన్ని ఎగదోస్తుందట. నీ మందు నిన్ననే మార్చారు. తర్వాత ఆవిడ జబ్బు పేరు చెప్పబోతే నేను అడ్డుపడ్డాను, "పేరొద్దండీ, ఏం చెయ్యాలో చెప్పండి చాలు" అని.

"ఈసారి వినాలమ్మా. మళ్ళీ వస్తే ముందు గుర్తుపట్టాల్సింది మీరే" అంది.

విన్నాను. బస్సులో ఇంటిదాకా ఆ పేరు నా పక్కన కూర్చున్నట్టే ఉంది. ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా మంచమ్మీద పడిపోయాను. మీ నాన్నకు ఇవాళ పొద్దున చెప్పాను. ఆయన పాలు పితకడానికి వెళ్ళిపోయాడు.

నీకు కోపం వస్తుంది. రానీ. నన్ను తిట్టు, ఉత్తరం చించెయ్యి. కాలువ గట్టున నిన్ను వెతుక్కోవడంకంటే నీ తిట్లు తినడమే నాకు నయం. బుధవారం వస్తాను. నువ్వు గోడవైపు తిరిగి పడుకున్నా సరే, పక్కన కూర్చుని వెళ్తాను.

ఒక్కటి మాత్రం డాక్టరమ్మకు చెప్పలేదు. జులైలో ఒకరోజు నువ్వు పాడుతూ వచ్చి, నా చేతిలో గరిటె లాగేసి, వంటింట్లో నన్ను గిరగిరా తిప్పావు. కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వాను. నా పెళ్ళయ్యాక అంతగా ఎప్పుడూ నవ్వలేదు. ఆరోజు నీ సంతోషం జబ్బేనేమో తల్లీ. నాది కాదు.

ఇట్లు,
మాట తప్పిన మీ అమ్మ