చెక్క నేల మీద చాయ్ గ్లాసు

మల్లన్నా,

నువ్వు ఊర్ల కన్నుమూసి ఇయ్యాల్టికి ఏడాది. ఇది నీకు చేరదని తెలుసు, అయినా రాస్తున్న.

ఈ పరాయి దేశంల, ఖురం అనే కాడ ఒక విల్లా మీది అంతస్తుల, చెక్క నేల మీద టైల్స్ వెయ్యమన్నరు. నువ్వు నేర్పినట్టే చాయ్ గ్లాసు నిండ నీళ్లు పోసి, నేల మీద పెట్టి చుట్టూ నడిచిన. నీళ్లు వణికినయ్. పని ఆపిన.

ఫోర్మన్ మీదికొచ్చిండు. "రేపు ఓనర్ వస్తడు. వేస్తవా, రూముకు పోతవా?"

"నేల కదిలితే టైల్ నిలువది సార్. ముందు చెక్కలకున్న మొలలు పీకి స్క్రూలు బిగించాలె."

"ఎవడు నేర్పిండు?"

నీ పేరు చెప్పిన.

"దార్సైట్ ఏరియల టైల్స్ లేచినయని పనిల నుంచి తీసేసి ఊరికి పంపినం, ఆ మల్లయ్యేనా?" అని నవ్విండు.

ఆనాడు స్క్రూలు బిగించమని నువ్వు చెప్పి పోతే, తొందరల మొలలు కొట్టింది నేను. తప్పు నువ్వు మీదేసుకున్నవ్. నేను నోరు తెరవలే.

ఆ మొలలు కొట్టింది నేనేనని ఇయ్యాల అందరి ముందట చెప్పిన.

ఫోర్మన్ వంగి గ్లాసు దిక్కు చూసిండు. "స్క్రూలు బిగించు. రేపు పొద్దున ఆఫీసుకు రా" అన్నడు.

అన్నీ బిగించి గ్లాసు మళ్ల పెట్టి నడిచిన. నీళ్లు కదలలే, అన్నా.