నీ దూలం, నా పైపు

ప్రసాదూ,

తెలంగాణ బంద్‌తో ఎల్.బి.నగర్ సైటులో స్లాబు పని ఆగింది. ఖాళీగా ఉన్నామని దిల్‌సుఖ్‌నగర్ ఆఫీసులో నువ్వు గీసిన దూలాలనూ నేను గీసిన పైపులనూ మొదటిసారి కంప్యూటర్లో ఒకే బొమ్మగా కలిపాం. నా డ్రైనేజీ పైపు నీ దూలాన్ని చీల్చుకుపోతోంది. రెండూ తగులుకున్న ఆ చోటంతా తెర మీద ఎరుపు. బంద్ లేకుంటే, ఎప్పట్లాగే స్లాబు పడ్డాక దూలాన్ని పగలగొట్టేవాళ్లం.

"నా డ్రాయింగు నీకెందుకయ్యా? స్లాబు పడ్డాక చూసుకో," అనేవాడివి. అందరూ అది ఆంధ్రా, తెలంగాణ గొడవనుకున్నారు. కాదు, నీ పొగరు. నాతో ఒక్కనాడూ రాజీపడనివాడివి, గుండెపోటుకు మాత్రం ఇట్టే లొంగిపోయావు.

దూలం మీద నొక్కితే, గీసినవారి పేరు నీదే వచ్చింది. "పోయారు కదా సార్, ఆ పేరు తీసెయ్యనా?" అని అడిగింది కంప్యూటర్ దగ్గరున్న స్వాతి.

"ఉండనీ," అన్నాను. "గాయనతోటి నా పంచాయితీ ఇంకా ఒడవలే."