కిటికీ దగ్గరి ఆవిడ

మార్చి 14, గురువారం. బట్టలు ఉతికాను, బియ్యం ఏరాను, చిరిగిన దుప్పటి అంచులు కుట్టాను.

వదినగారికి,

మీ తమ్ముడు ఆదివారాలు ఎవరో ఆవిడ బొమ్మ చూడటానికి వెళ్తున్నారని మీరు నవ్వుతూ రాశారు. నాకు నవ్వు రాలేదు. అందుకే ఇవాళ పని ముగించుకుని, ఆయనకు చెప్పకుండా, ఊరి చివరి పాత భవంతికి వెళ్ళాను. ఆ ఇంటివాళ్ళు తరతరాలుగా కొన్న రంగుల బొమ్మలను గోడలకు తగిలించి, టికెట్టు పెట్టి చూపిస్తున్నారు.

ఆవిడ మేడమీద చివరి గదిలో ఉంది. పసుపు శాలువా కప్పుకుని కిటికీ దగ్గర ఊరికే కూర్చుంది. ఎన్నడూ గిన్నె తోమిన చేతులు కావు. ముక్కు కాస్త వంకరే గానీ అందగత్తె, ఒప్పుకోవాలి. ఆయన నన్ను తీరిగ్గా చూసి ఎన్నేళ్లయిందో.

కాపలా మనిషిని ఆయన గురించి అడిగాను.

"ఆ కళ్ళజోడు సారా అమ్మా? బొమ్మను ఒక్కసారి చూస్తారు, ఈ కుర్చీలో కూలబడతారు, ఇక గురకే. మూసేవేళకి నేనే లేపుతా."

"నిద్రలో ఏమైనా అంటారా?"

"'వస్తున్నా, సంచీ తెస్తున్నా' అంటారు. ఇంట్లో ఎవరో గట్టివారే ఉన్నట్టున్నారు."

ఆ కుర్చీలో కాసేపు కూర్చున్నాను. ఆవిడ నాకూ ఏ పనీ చెప్పలేదు. అందుకు మరీ కుళ్ళుకున్నాను.

ఇంటికి రాగానే మా కిటికీ దగ్గర ఆయనకో కుర్చీ వేశాను. ఈ ఆదివారం దానికెదురుగా నేనే ఊరికే కూర్చుంటాను. ఇన్ని ఆదివారాలు ఎగ్గొట్టిన పనులన్నీ మీ తమ్ముడి పేరున బాకీ రాసి ఉంచాను. ఇవాళ వాటన్నిటికీ చెల్లు రాసేశాను.